ఒకటో నంబరు పిల్లవాడు

ఐశ్వర్య ఆ మాట మొదటిసారి చెప్పింది ముదిగుబ్బ దగ్గర ఒక పల్లెలో, అంగన్‌వాడీ ముందు నిలబడి.

"మా వాడు మిషన్ వల్ల పోలేదు. జ్వరమొచ్చి పోయినాడు."

ఎదురుగా పదిహేనుమంది ఆడవాళ్లు చంకన పిల్లల్ని ఎత్తుకుని కూర్చున్నారు. ఆమె గొంతు ఎక్కడ పూడుకుపోతుందోనని డాక్టర్ వేణుగోపాల్ పక్కనే నీళ్ల సీసా పట్టుకుని నిలబడ్డాడు. గొంతు పూడుకుపోలేదు. నీళ్లు అవసరం రాలేదు. తిరిగి వచ్చేటప్పుడు జీపులో ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ఆ తర్వాత ఆమెతో పల్లెలకు రావడం మానేశాడు. డ్రైవర్ రామాంజులును తోడిచ్చి పంపేవాడు.

ఐశ్వర్యకు ముప్పై ఒకటి. అనంతపురంలో ఒక స్కానింగ్ సెంటర్ పై అంతస్తులో పనిచేస్తుంది. ఆ పై అంతస్తులో జరిగేది రోగులకు సంబంధించిన పని కాదు. చుట్టుపక్కల పల్లెల్లోని నాలుగేళ్ల లోపు పిల్లల మెదళ్ల బొమ్మలు తీసి, వాటన్నిటినీ కలిపి ఒక సగటు మెదడు పటం తయారు చేయడం వేణుగోపాల్ పెట్టుకున్న పని. డాక్టర్ల దగ్గర ఉన్న పటాలు ఎక్కువగా వేరే దేశాల పిల్లలవి. ఈ కరువు సీమలో పుట్టిన పిల్లవాడి స్కాను తీసి ఆ పటం పక్కన పెడితే తల చిన్నదిగా కనిపిస్తుంది. అది జబ్బా, ఇక్కడి పిల్లలు ఉండే తీరే అంతా అన్నది తేల్చాలంటే ఇక్కడి పటమే ఉండాలి. ఏడాదికొక పటం. ఏడాది వయసుకు ఒకటి, రెండేళ్లకు ఒకటి, మూడేళ్లకు ఒకటి.

వినడానికి ఫొటోలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత తేలికగా ఉంటుంది కానీ పని అలా సాగదు. ప్రతి పిల్లవాడి బొమ్మనూ తిప్పి, సాగదీసి, కుదించి, అందరి మెదళ్లూ ఒకే చోట ఒకే వైపు ఉండేట్టు చేయాలి. అప్పుడు సగటు తీస్తే మంచులోంచి చూసినట్టు మసకగా వస్తుంది. ఆ మసక బొమ్మకు మళ్లీ ఒక్కొక్కరినీ సరిపోల్చాలి. మళ్లీ సగటు. ఐదారు సార్లు తిరిగేసరికి మెదడు మడతలు ఒక్కొక్కటే తేటపడతాయి. కంప్యూటరు పుర్రెను మెదడని పొరబడిన చోట చేత్తో గీత సరిదిద్దడం ఐశ్వర్య పని. ముఖాలు తీసేయడం కూడా ఆమె పనే. తల స్కానులో ముక్కు, పెదవులు, కనురెప్పలు అన్నీ ఉంటాయి. అవి ఉంటే ఎవరి బిడ్డో పోల్చుకోవచ్చు కనుక పటంలోకి వెళ్లేముందు ముఖం చెరిపేయాలి. పేరు పోతుంది, ముఖం పోతుంది, నంబరు మిగులుతుంది.

ఒకటో నంబరు ఆమె కొడుకు అభిలాష్.

పని మొదలుపెట్టినప్పుడు పల్లెల్లో ఎవరూ ముందుకు రాలేదు. పిల్లల్ని ఆ స్కానింగ్ మిషన్ గొట్టంలోకి తోసి కరెంటు పెడతారనుకున్నారు. సూది లేదు, మందు లేదు, పిల్లవాడు అన్నం తిని మామూలుగా నిద్రపోతే చాలు అని ఎంత చెప్పినా నమ్మలేదు. అప్పుడు ఐశ్వర్యే అంది, ముందు మా వాడిని పండుకోబెడదాం సార్ అని. అభికి రెండేళ్ల మూడు నెలలు. వాడు మిషన్‌లోంచి నిద్రమత్తుతో బయటికి వచ్చి బిస్కెట్ తింటున్న వీడియోను ఫోన్‌లో చూపిస్తే పల్లెలు కదిలాయి. అభితో కలిపి రెండేళ్ల వయసు పిల్లలే ఇరవై తొమ్మిది మంది అయ్యారు.

ఆ అక్టోబర్‌లో అభికి జ్వరం వచ్చింది. ఆరో రోజు పోయాడు.

నెల తిరిగాక ఐశ్వర్య పనిలోకి వచ్చింది. అత్తగారు కన్యకమ్మ వద్దనలేదు. పొద్దున్నే క్యారియర్ కట్టి గుమ్మం దగ్గర పెట్టింది, అంతే. ఐశ్వర్య ఆఫీసులో ఆ క్యారియర్ విప్పి తినేది. కూరలో ఉప్పు ఎక్కువైందో తక్కువైందో తెలిసేది కాదు. ఒకసారి కన్యకమ్మ ఉప్పు వేయడమే మరిచిపోయి, సాయంత్రం గుర్తొచ్చి, "ఎట్ల తింటివే ఐశూ?" అని అడిగింది. తిన్నానని మాత్రం ఐశ్వర్యకు తెలుసు.

రెండేళ్ల పిల్లల బొమ్మల్ని సహోద్యోగులు ఆమె కంటపడకుండా వేరే కంప్యూటర్‌లోకి మార్చారు. వారం తర్వాత ఆమే అడిగి తెచ్చుకుంది. గీతలు సరిదిద్దడంలో చెయ్యి మునుపటి కంటే నిలకడగా ఉందని వేణుగోపాల్ గమనించాడు. ఆయనకు అది మంచి గుర్తుగా అనిపించలేదు.

జనవరికల్లా పల్లెలు మూసుకుపోయాయి. మొదట పండుకున్న పిల్లవాడు చచ్చిపోయాడట, ఆ మేడం కొడుకేనట అన్న మాట ఊళ్లన్నీ తిరిగింది. వస్తామన్నవాళ్లు రాలేదు. అంతకుముందు వచ్చినవాళ్లు రాబోయే రెండో ఏడాది స్కాను గురించి చెప్పడానికి వెళితే తలుపు తీయలేదు. వేణుగోపాల్ రెండు రోజులు ఆలోచించి, ఈ పని ఇక్కడితో ఆపేద్దామన్నాడు.

"నేను పోయి చెప్తా సార్," అంది ఐశ్వర్య.

"నువ్వా? వద్దమ్మా."

"నేను కాకపోతే ఎవరు చెప్తే నమ్ముతారు?"

ముదిగుబ్బ తర్వాత బత్తలపల్లి వైపు రెండు ఊళ్లు, తర్వాత కళ్యాణదుర్గం దారిలో నాలుగు. ప్రతి ఊళ్లోనూ అదే మాట. కొన్నిచోట్ల ఆడవాళ్లు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చారు. ఆమె వాళ్ల ఏడుపు ఆగేదాకా కాచుకుని, అంగీకార పత్రాలు తీసి పంచేది. పత్రాలు తీసుకున్నవాళ్లలో రెండేళ్ల పిల్లల్ని తెచ్చినవాళ్లు మాత్రం ఇంకా లేరు. మాట అరిగిపోయి పలకడానికి నున్నగా అయింది. ఫలానా రోజు ఫలానా ఊళ్లో చెప్పిందో లేదో కూడా జీపెక్కాక రామాంజులును అడగాల్సి వచ్చేది.

ఫిబ్రవరి ఆఖరున గుమ్మఘట్ట దాటి ఒక గొర్రెల కాపర్ల పల్లెకు వెళ్లారు. అక్కడ సగం కన్నడం, సగం తెలుగు. ఆ ఊళ్లో లక్ష్మక్క మాట నడుస్తుందని అంగన్‌వాడీ టీచరు ముందే చెప్పింది. లక్ష్మక్కకు అరవై దాటాయి. కొడుకు గంగప్ప, కోడలు గొర్రెల్ని తోలుకుని బళ్ళారి వైపు మేతకు వెళ్లారు. రెండున్నరేళ్ల మనవడు తిప్పేష్‌ను ఆమె చూసుకుంటోంది. వాకిట్లో వేరుశెనక్కాయలు ఒలుస్తూ, ఐశ్వర్య చెప్పాల్సింది చెప్పేదాకా తల ఎత్తలేదు. తర్వాత ఒలవడం ఆపింది.

"మిషన్లో పండుకొన్నది ఎప్పుడు, పోయింది ఎప్పుడు?"

"పండుకొన్నది పోయిన ఫిబ్రవరిలో అవ్వా. పోయింది అక్టోబర్లో."

"యాడ పోయినాడు?"

ఇన్ని ఊళ్లు తిరిగినా ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. 

"అంబులెన్సులో. బెంగళూరుకు తీసకపోతావుంటే. సోమందేపల్లె దాటినాక."

"నీ ఒళ్లోనేనా?"

"కాదు. వెనక నర్సు, మిషన్లు ఉండాయి, జాగా లేదన్నారు. నేను ముందర డ్రైవర్ పక్కన కూర్చోనుంటి."

లక్ష్మక్క ఆమె ముఖంలోకి చూసింది. చాలాసేపు చూసింది.

"నువ్వు ఏడుస్తావేమోనని చూస్తాండా. రాలేదే నీకు ఏడుపు."

"రాలేదవ్వా."

"మనల్ని బుట్టలో ఏసుకునేకి వచ్చినోళ్లయితే ముందు ఏడుస్తారు," అంది లక్ష్మక్క, పక్కన నిలబడ్డ ఆడవాళ్లతో. "ఈయమ్మ అబద్ధం చెప్పేకి రాలేదు లే." మళ్లీ ఐశ్వర్య వైపు తిరిగింది. "మీకు బాగుండే పిల్లోళ్లు కావాల గదా? ఈ సందులోనే మా వాని ఈడోళ్లు పన్నెండు మంది ఉండారు. అందర్నీ నేనే తోలుకొనొస్తా. కానీ ముందు మా వాణ్ని చూడాల మీరు."

తిప్పేష్ మంచం కోడు పట్టుకుని నిలబడి ఉన్నాడు. చురుకైన కళ్లు. మాట మాత్రం ఒక్కటీ రాలేదు. పిలిస్తే పలకడు. రాయదుర్గంలో ఒక డాక్టరు తలకు టేపు చుట్టి కొలిచి, మెదడు చిన్నదిగా ఉంది, మాటలు వస్తాయని ఆశ పెట్టుకోవద్దని చెప్పాడట. అప్పటి నుంచి వాడి తల్లి వాడితో మాట్లాడటం తగ్గించేసింది.

"మీ మిషన్లో మెదడు అగుపడతాదంట గదా. చిన్నదో పెద్దదో చెప్పండి. ఏదైనా సరే. తెలియాల నాకు."

బాగున్న పిల్లల పటంలో తిప్పేష్‌కు చోటు ఉండదు. ఐశ్వర్య వేణుగోపాల్‌కు ఫోన్ చేసింది. పటంలోకి వద్దు, విడిగా తీద్దాం, తీసుకురమ్మని ఆయన అన్నాడు.

మరుసటి వారం లక్ష్మక్క పన్నెండు మంది పిల్లల్నీ వాళ్ల తల్లుల్నీ తీసుకుని వచ్చింది. అందరికంటే ముందు తిప్పేష్. మొలతాడుకు వెండి గుండ్లు ఉన్నాయి, మెడలో రాగి తాయెత్తు. ఇనుమూ వెండీ రాగీ ఏదీ లోపలికి వెళ్లకూడదంటే లక్ష్మక్క తాయెత్తు తీసి తన మెడలో వేసుకుంది కానీ మొలతాడు కోయడానికి ఒప్పుకోలేదు. చివరికి పంటితో ముడి విప్పింది. మధ్యాహ్నం రాగిసంగటి తినిపించి, ఒళ్లో వేసుకుని ఊపితే వాడు పది నిమిషాల్లో పడుకున్నాడు. మామూలుగా పిల్లల చెవుల్లో దూది పెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించినా మిషన్ టకటకకు సగంమంది లేచి ఏడుస్తారు. తిప్పేష్ కదలలేదు. స్కాను అయ్యేదాకా ఐశ్వర్య వాడి పాదం మీద చెయ్యి వేసి నిలబడింది. కదిలితే తెలియడానికి అలా నిలబడటం ఆమె పని. పాదం వెచ్చగా ఉంది.

మర్నాడు ఆ బొమ్మల్ని తెర మీద తిప్పుతుంటే చెవుల వెనక ఎముక దగ్గర ఆమె ఆగిపోయింది. అక్కడ చిన్న చిన్న గాలి గదులు ఉంటాయి. గాలి నల్లగా కనిపిస్తుంది. తిప్పేష్‌కు రెండు వైపులా తెల్లగా ఉంది. రెండు వందల పైచిలుకు ముఖాలు చెరిపిన కన్ను అది. ముఖాలు చెరిపేటప్పుడు చెవుల దాకా వెళ్లాలి కనుక ఆ చోటు ఎలా ఉండాలో ఆమెకు కంఠతా వచ్చు. వెళ్లి వేణుగోపాల్‌ను పిలుచుకొచ్చింది.

ఆయన కుర్చీ లాక్కుని చూశాడు. "నీళ్లు," అన్నాడు. "రెండు చెవుల్లోనూ నీళ్లు నిండున్నాయి. వీడికి వినపడదు. వినపడకపోతే మాట ఎట్ల వస్తుంది?" "నిన్న మిషన్ చప్పుడుకు లేవలేదంటే మనకు అప్పుడే తట్టాల్సింది," అన్నాడు.

"మెదడు సార్?"

"పటం పూర్తి కానీ. అప్పుడు చెప్తా. ముందు బళ్ళారిలో చెవుల డాక్టరుకు రాసిస్తా."

ఆమె సరేనని తన చోటికి వెళ్లి కూర్చుంది. సంతోషించాల్సిన సంగతేనని ఆమెకు తెలుసు. దారిలో కనిపించే బోర్డు చదివినట్టు ఆ సంగతిని చదువుకుంది. చదివి, పన్నెండు మంది కొత్త పిల్లల్లో మొదటివాడి బొమ్మ తెరిచింది.

మార్చి రెండో వారంలో సుదర్శన్‌కు సంగతి తెలిసింది. సుదర్శన్ ఆమె భర్త. అనంతపురం పాతూరులో పైపులు, పెయింట్ల అంగడి. కొడుకు పోయాక ఇంట్లో ఇద్దరూ అవసరమైన మాటలే మాట్లాడుకునేవాళ్లు. గ్యాస్ అయిపోయింది, అమ్మకు మందులు తేవాలి, అలాంటివి. ఆ రోజు మధ్యాహ్నం భోజనానికి వచ్చినవాడు చెప్పులు కూడా విప్పకుండా వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. ఆదివారం కనుక ఐశ్వర్య ఇంట్లోనే ఉంది.

"గుమ్మఘట్ట వైపు నుంచి ఎవురో పైపులు కొనేకి వచ్చినాడు. 'మీ పిల్లోడు పోయింది సోమందేపల్లె దాటినాకంట గదన్నా, పాపం' అంటాండాడు నాతో."

ఐశ్వర్య చపాతీ పిండి కలుపుతోంది. ఆపలేదు.

"బెంగళూరు ఆసుపత్రిలో పోయినాడనుకొంటాండా నేను. ఐదు నెలల్నుంచి అట్లే అనుకొంటాండా. వెనక కారులో వస్తాంటిని, ఆసుపత్రి కాడ దిగితే డాక్టరు చెప్పినాడు. నువ్వు నాకు చెప్పలేదు. ఊరు పేరు తెలీని వాళ్లకు చెప్పినావు."

"వాళ్లు అడిగినారు."

"నేను అడగలేదనా?"

ఆమె తల ఎత్తి చూసింది. అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదా అంటే అదీ ఆమెకు తెలియదు. హాల్లో కన్యకమ్మ టీవీ గొంతు తగ్గించింది.

"ఊరూరా తిరిగి వాడి చావు చెప్పుకొంటాండావు," అన్నాడు సుదర్శన్. "చాలు. వాడి బొమ్మ తీసేయమని చెప్పు మీ సార్‌కు. వాడు ఎవురి లెక్కల్లోనూ ఉండాల్సిన పనిలేదు."

"మీరే వచ్చి చెప్పండి. తల్లిదండ్రులు రాసిస్తే తీసేస్తారు."

ఆ జవాబుకు అతని కోపం ఇంకా పెరిగింది. ఆమె కూడా గొడవ పడుతుందనుకున్నాడు. భోజనం చేయకుండానే అంగడికి వెళ్లిపోయాడు.

మంగళవారం ఉత్తరం టైపు చేయించుకుని స్కానింగ్ సెంటరుకు వచ్చాడు. చేతుల మీద తెల్ల పెయింటు మరకలున్నాయి. వేణుగోపాల్ లేచి నిలబడి కుర్చీ చూపించాడు. ఉత్తరం చదివి, ఎందుకని ఒక్క మాట అడగకుండా, దాని కింద పెట్టాల్సిన ఫారం తీసిచ్చాడు.

"మీ ఇద్దరి సంతకాలూ కావాల. పటం ఇంకా పూర్తి కాలేదు కాబట్టి తీసేయొచ్చు. పూర్తయినాక విడదీయలేం."

సుదర్శన్ పెన్ను తీసి, ఆగాడు. "ఏది తీసేస్తారు? నేను చూడనేలేదు దాన్ని. చూపించు," అన్నాడు ఐశ్వర్యతో.

ఆమె ఒకటో నంబరు తెరిచింది. ముందు బూడిద రంగు ముక్కలు వచ్చాయి, ఒకదాని వెనక ఒకటి. అక్రోటు కాయను అడ్డంగా కోసినట్టున్న గీతలు. సుదర్శన్ వాటిని చూస్తూ, "ఇందులో వాడు ఎక్కడ?" అన్నాడు. అతను అడిగినదానికి జవాబుగా, వేరే ఆలోచన ఏమీ లేకుండా, ఆమె ఇంకో బటను నొక్కింది. ముక్కలన్నీ కలిసి తెర మీద చర్మం ఏర్పడింది. మూసిన కళ్లు, గుండ్రటి ముక్కు, కొంచెం తెరుచుకున్న నోరు. స్కానులో వెంట్రుకలు పడవు కనుక తల నున్నగా ఉంది. కదిరిలో గుండు చేయించిన నాడు ఉన్నట్టు. హెడ్‌ఫోన్లు నొక్కుకుని చెవులు చప్పిడిగా, ఎవరి చెవులో అన్నట్టు ఉన్నాయి. మిగతాదంతా అభి.

సుదర్శన్ నోట్లోంచి వచ్చింది మాట కాదు. బల్ల అంచు పట్టుకుని, తల దించి, భుజాలు కదిలేట్టు ఏడ్చాడు. శ్మశానంలో ఏడవలేదు అతను. అక్కడ అందరికీ నీళ్లూ వాహనాలూ చూసుకుంటూ తిరిగాడు. వేణుగోపాల్ బయటికి వెళ్లి తలుపు దగ్గరగా వేశాడు.

ఐశ్వర్య అతని వీపు మీద చెయ్యి వేసింది. వేయాలని తెలుసు కనుక వేసింది. ఈ ముఖాన్ని ఆమె జనవరిలోనే ఒక మధ్యాహ్నం ఒంటరిగా తెరిచి చూసింది. ఏదైనా కదులుతుందేమోనని పావుగంట చూసింది. కదల్లేదు. మూసేసి టీకి వెళ్లింది. ఆ సంగతి ఇప్పుడు చెప్పలేదు.

చాలాసేపటికి అతను ముఖం తుడుచుకున్నాడు. తెల్ల పెయింటు చెంప మీద అంటింది.

"ఇది కూడా పోతాదా పటంలోకి?"

"పోదు. ముఖం చెరిపేసినాకనే లోపలికి పోతాది. పేరు కూడా ఉండదు."

"మెదడు ఉంటాది."

"అదీ వాడిదని ఉండదు. నలభై ఒక్కమందిలో కలిసిపోతాది."

"నలభై ఒక్కమందా?"

"ఇరవై తొమ్మిది మంది ఉండిరి. లక్ష్మక్క పన్నెండు మందిని పిలుచుకొచ్చింది."

లక్ష్మక్క ఎవరో సుదర్శన్‌కు తెలియదు. అడిగితే ఐశ్వర్య చెప్పింది. ఒలుస్తున్న శెనక్కాయల గురించి, తిప్పేష్ గురించి, వాడి చెవుల గురించి. ఈ ఐదు నెలల్లో ఆమె అన్ని వాక్యాలు ఒక్కసారిగా అతనితో మాట్లాడటం అదే మొదలు. అంతా విని అతను ఫారం వైపు చూశాడు.

"నువ్వేమంటావు? తీసేద్దామా, ఉండనిద్దామా?"

"నాకేమీ అనిపించడంలేదు," అంది ఐశ్వర్య. "అబద్ధం చెప్పను మీకు. నిజంగా ఏమీ అనిపించడంలేదు. దేనికీ."

సుదర్శన్ తల ఊపాడు. తలుపు తీసి వేణుగోపాల్‌ను లోపలికి పిలిచాడు.

"ముఖం నాకియ్యండి సార్. మిగిలింది మీ దగ్గర పెట్టుకోండి."

వేణుగోపాల్ ఆ ఫైలును ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇచ్చాడు. సుదర్శన్ దాన్ని చొక్కా జేబులో వేసుకుని, ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి తీసుకెళ్లాడు. పెన్‌డ్రైవ్‌ను అతను మళ్లీ తెరిచాడో లేదో ఆమె అడగలేదు. ఆ సాయంత్రమే ఆమె ఒకటో నంబరు ముఖం చెరిపేసింది. పెదవుల దగ్గర మొదలుపెట్టి నుదుటి దాకా. నాలుగు నిమిషాలు పట్టింది. అందరికీ అంతే పడుతుంది.

రెండేళ్ల పిల్లల పటం జూన్‌లో పూర్తయింది. ఆరోసారి సగటు తీసినప్పుడు మడతలన్నీ తేటగా వచ్చాయి. ఎవరి మెదడూ కాని మెదడు ఒకటి తెర మీద నిలబడింది. వేణుగోపాల్ అందరికీ మైసూర్‌పాక్ పంచాడు. తర్వాత తిప్పేష్ బొమ్మ తెచ్చి, ఒక పక్క పాత పటం, ఇంకో పక్క కొత్త పటం పెట్టాడు. పాత పటం పక్కన వాడి మెదడు చిన్నదే. కొత్త పటం పక్కన మామూలు.

"మన నలభై ఒక్కమందిలో నిలబెడితే వీడు ఇరవయ్యో ఇరవై ఒకటో అవుతాడు," అన్నాడు. "సరిగ్గా నడుమ. నువ్వే పోయి చెప్పు ఐశ్వర్యా."

జూలై అమావాస్య నాడు రామాంజులుకు జ్వరం. అమావాస్యకు పాతూరులో అంగళ్లు మూస్తారు. పొద్దున్న సుదర్శన్ కారు తాళాలు తీసుకుని, "నేనొస్తా పద," అన్నాడు. కన్యకమ్మ రెండు క్యారియర్లు కట్టింది.

వాన ఇంకా పడలేదు. దారి పొడవునా దున్ని పెట్టిన ఎర్రచేలు విత్తనం లేకుండా ఎండుతున్నాయి. కొండల మీద గాలిమరలు తిరుగుతున్నాయి. పల్లెకు చేరేసరికి పదకొండయింది. లక్ష్మక్క వాకిట్లో నీళ్లు చల్లి చాప పరిచింది. ఈసారి ఆమె కొడుకు గంగప్ప, కోడలు ఇంట్లోనే ఉన్నారు. ఐశ్వర్య కొత్త పటం కాగితం, తిప్పేష్ కాగితం పక్కపక్కన పెట్టి చూపించింది.

"చిన్నది కాదు. మన పక్క పిల్లోళ్లకు ఎంతుండాలో అంతే ఉండాది."

గంగప్ప భార్య కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని చూసింది. దాన్ని అత్త చేతిలో పెట్టి లోపలికి వెళ్లిపోయింది. లోపల్నుంచి ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

"నాకు తెలుసు," అంది లక్ష్మక్క. "బళ్ళారిలో చెవుల్లో గొట్టాలు పెట్టినాక నెలకే తెలిసె. కుక్క మొరిగితే ఉలిక్కిపడబట్టె. ఇప్పుడు గొర్రెల్ని పిలుస్తాండాడు." కాగితం వైపు మళ్లీ చూసింది. "అయినా రాసిచ్చింది మంచిదయ్యింది. ఆ రాయదుర్గం డాక్టరుకు చూపిస్తా."

పొరుగూరు నుంచి కొత్తగా వచ్చిన ఒక పడుచు తల్లి, చంకలో బిడ్డతో, మెల్లగా ముందుకొచ్చి, మీ పిల్లోడు మిషన్ వల్లే పోయినాడా అన్న ఆ పాత ప్రశ్నే అడిగింది. ఐశ్వర్య నోరు తెరిచేలోగా సుదర్శన్ అన్నాడు, "నేను వాళ్ల నాయనను. వాడు మిషన్ వల్ల పోలేదమ్మా. వాడికి..." అక్కడ ఆగిపోయాడు. లక్ష్మక్క ఆ తల్లిని మోచేత్తో పొడిచి, "చాల్లే, ఊరుకో," అంది. ఆ తల్లి అంగీకార పత్రం మీద వేలిముద్ర వేసింది.

తిప్పేష్ దొడ్డి దగ్గర నిలబడి ఐశ్వర్యను చూస్తున్నాడు. చెయ్యి ఊపి, "బా," అన్నాడు.

"రమ్మంటాండాడు," అన్నాడు గంగప్ప నవ్వుతూ. "తెలుగు ఇంకా రాలేదు. ముందు కన్నడమే పట్టినాడు."

ఐశ్వర్య వెళ్లింది. వాడు ఆమె వేలు పట్టుకుని లాక్కెళ్లి, ఒక గొర్రెపిల్లను చూపించి మళ్లీ "బా" అన్నాడు, దానితో. ఆమె దాని పక్కన కూర్చుంది. చాలాసేపు కూర్చుంది. ఎండ నడినెత్తికి వచ్చేదాకా సుదర్శన్ పిలవలేదు.

తిరుగుదారిలో కళ్యాణదుర్గం దాటాక ఐశ్వర్య అంది, "ఆ రోజు వాణ్ని మిషన్లో పండుకోబెట్టేకి ఎంతసేపు పట్టిందో తెలుసా మీకు?"

ఆమె తనంతట తాను అభి గురించి ఒక మాట ఎత్తి చాలా కాలమైంది. సుదర్శన్ బండి వేగం తగ్గించాడు.

"చెప్పు."

"గంటన్నర. నేనూ వాడి పక్కనే బల్ల మీద పండుకొని జోకొడతాంటి. కన్ను మూస్తాడు, నేనున్నానో లేదోనని ఒక కన్ను తెరిచి చూస్తాడు. మళ్లా మూస్తాడు. అవతల గదిలో సార్ వాళ్లంతా అద్దంలోంచి చూస్తాండారు. చివరికి నిద్రపోయింది నేను."

"నువ్వా?"

"నేనే. వాడు లేచి కూర్చొని, 'అమ్మ బజ్జుంది, ష్' అని అందరికీ చెప్తాండాడంట. సార్ వచ్చి లేపినారు నన్ను."

సుదర్శన్ నవ్వాడు. గట్టిగానే నవ్వాడు, తర్వాత ఆగి, అద్దం మీది దుమ్ము పోవడానికి వైపర్లు వేశాడు. పోలేదు. ఎర్రగా అలికినట్టయింది.

"ఇట్లాంటివి ఇంకా ఉండాయా?" అన్నాడు.

"ఉండాయి," అంది ఐశ్వర్య. కిటికీ బయటికి చూసింది. "ఇప్పుడు వద్దు. ఇంటికి పోయినాక అత్తమ్మ కూడా ఉన్నప్పుడు చెప్తా."

అతను సరేనన్నాడు. టోల్‌గేటు దగ్గర బండి ఆపి రెండు టీలు తెచ్చాడు. ఆమె ఒక గుక్క తాగి, చక్కెర ఎక్కువైందని చెప్పి, గ్లాసు అతనికి తిరిగిచ్చింది.